ఎండ్రకాయల వాకిట తిట్ల పరీక్ష

ఎండ్రకాయ కొండి చెవితమ్మెను పట్టుకోగానే మధుమతీపుర యువరాజు కేయూరవర్మ "అమ్మా!" అని పెడబొబ్బ పెట్టాడు.

"అయిపోయావు," అంది జిర్రవ్వ, ఎండ్రకాయను లాగి బుట్టలో పడేస్తూ. "ఇదే కోటగుమ్మం దగ్గరైతే ఈపాటికి నీటిచెరలో మునకలేస్తూ ఉండేవాడివి. మళ్ళీ రా."

"అదేంటవ్వా! నొప్పి పుడితే ఎవరికైనా ముందు నోట్లోకి వచ్చేది అమ్మేగా?"

"మీ దేశంలో, నాయనా! మీవాళ్ళు నొప్పి పుడితే అమ్మను పిలుస్తారు. మావాళ్ళు నొప్పి పెట్టినవాణ్ణి తిడతారు. మీరంతా దొరికిపోయేది అక్కడే."

జిర్రవ్వ చేపలు ఎండబెట్టుకునే ఆ ఇసుకదిబ్బకు ఎదురుగా, ఒక్క నీటిపాయ అవతల, వజ్రకంటక దుర్గం పొద్దుటెండలో ధగధగలాడుతూ ఉంది. ముత్యపు చిప్పలు తాపిన బురుజులు, నెమలికంఠం రంగు పెంకుల కప్పులు, ఆ దీవి గాలికి కప్పులు లేచిపోకుండా బిగించిన ఇత్తడి గొలుసులు, గొలుసు గొలుసుకూ గంటలు. గాలి ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంటే కోట కోటంతా ఘల్లుమంటుంది. అంత కోటకూ వాకిలి ఒక్కటే. ఆ వాకిట్లో ఒక పాలరాతి తొట్టె, తొట్టె నిండా నీలం రంగు ఎండ్రకాయలు. లోపలికి పోయే ప్రతి మనిషికీ కావలివాళ్ళు ఒక ఎండ్రకాయను తగిలించి, నోటినుంచి ఏ మాట ఊడిపడుతుందా అని చెవి ఒగ్గి వింటారు. వేగులవాడు భాష నేర్చుకుంటాడు, పాటలు నేర్చుకుంటాడు, ఆ ఊరి దేవుడికి దణ్ణం పెట్టడం కూడా నేర్చుకుంటాడు. తిట్లు మాత్రం పరాయివాడికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. కంటకి భాషలో కమ్మగా తిట్టినవాడు లోపలికి పోతాడు. మరోమాట అన్నవాడి కాళ్ళకింద బండ పక్కకు జరుగుతుంది.

యువరాజూ, చెంగల్వా నెలల తరబడి ఓడ మీద వస్తూ కంటకి నేర్చుకున్నారు. వర్తకులు నమస్కారం నేర్పారు, బేరం నేర్పారు, జోలపాట కూడా నేర్పారు. తిట్లు నేర్పమంటే మాత్రం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని లేచిపోయారు.

చెంగల్వ పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని యువరాజు అవస్థ చూస్తూ కూర్చుంది. ఆమె రాచబిడ్డ కాదు. మధుమతీపురంలో ఓడలు కట్టే వడ్రంగి పెళ్ళాం. కొడుకు గువ్వన్నకు ఇంకా నడక రాలేదు. శంఖాలమ్మేవాడి వేషంలో వాళ్ళ వీధికి వచ్చిన మాంత్రికుడు శంఖభైరవుడు, "నీ బిడ్డ గొంతు బంగారమమ్మా" అంటూ ఏడుస్తున్న పిల్లాడి నోటి దగ్గర ఒక తెల్లశంఖం పెట్టాడు. అంతే. వాడి గొంతు శంఖంలోకి పోయింది. శంఖం మాంత్రికుడి సంచిలోకి, ఆ సంచి ఈ వజ్రకంటక దుర్గంలోకి పోయింది.

అప్పటినుంచి గువ్వన్న నోరు తెరిచి ఏడుస్తాడు. బుగ్గలు ఎర్రబడతాయి, కళ్ళు కారతాయి, చప్పుడు మాత్రం ఉండదు. ఏడుపు వినబడని బిడ్డను కన్నతల్లికి కంటిమీద కునుకెక్కడిది? వాడి కాలికి తన కొంగు ముడివేసుకుని పడుకునేది. కాలు కదిలితే లేచేది. కదలకపోతే ఇంకా ముందే లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది.

మాంత్రికుడికి పసివాడి గొంతు ఎందుకంటే, సముద్రం మీద తిరిగే గాలులన్నీ తల్లులే. పసిబిడ్డ ఏడుపు వింటే ఎక్కడున్నవి అక్కడినుంచి పరుగెత్తుకొస్తాయి. ఆ శంఖాన్ని కొత్త ఓడ ముక్కుకు బిగిస్తే చాలు, ఆ ఓడకు ఎదురుండదు. శంఖభైరవుడు దాన్నెక్కి మొదట దోచేది మధుమతీపురాన్నే. అందుకే యువరాజు కూడా చెంగల్వ వెంట వచ్చాడు. ఓడను నీళ్ళలోకి దింపేది ఈ మధ్యాహ్నమే. ఒకసారి అది కదిలిందంటే గువ్వన్న గొంతు ఏ సముద్రం పాలవుతుందో ఎవరికీ తెలియదు.

"ఇంకోసారి, అవ్వా," అన్నాడు యువరాజు చెవి తడుముకుంటూ.

"విను. 'హుర్రు టకమా!' అంటే నీ ఇంటికప్పు గాలికి లేచిపోను అని. 'డొబ్లి గుకా!' అంటే ఉప్పు తగలని మొహమా అని. 'షిర్ర ఖోబు!' అంటే నీ వల నిండా నాచు పడ అని. చివర్ది 'మ్రాంగ!' దాన్ని ఊరికే వాడకు."

"దాని అర్థమేంటి?"

"నాకూ తెలియదు. చిన్నప్పుడు మా అమ్మనడిగితే అట్లకాడ తీసుకుంది. మళ్ళీ అడగలేదు."

యువరాజు కళ్ళు మెరిశాయి. పాపం, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ కోపం వస్తే ఆయన చేయదగిన పని ఒక్కటే, "ఓహో" అనడం. తిట్టేందుకు సేనాపతులున్నారు. ఇప్పుడు నోరారా తిట్టమని ఒక పెద్దావిడే చెబుతూ ఉంటే, గట్లు తెగిన కాలవలా అందుకున్నాడు. నడిచేటప్పుడూ తిట్టాడు, అంబలి తాగుతూ తిట్టాడు, ఎండుచేపల మీద వాలిన కాకుల్ని వాటి ఇళ్ళకప్పులతో సహా తిట్టాడు. ఈసారి ఎండ్రకాయ పట్టుకోగానే "హుర్రు టకమా!" అని దిబ్బ అదిరేలా అరిచాడు.

"శభాష్!" అంది జిర్రవ్వ. "మా ఆయన తరవాత మళ్ళీ నువ్వే. ఆయనా మీ దేశంవాడే. మనసుపడ్డాను, తిట్లు నేర్పాను, చెయ్యి పట్టుకుని దర్జాగా గుమ్మం దాటించాను. సంగతి బయటపడ్డాక నన్ను ఈ దిబ్బ మీదికి గెంటేశారు. ఆయన పోయేదాకా ఇద్దరం రోజూ ఒకళ్ళనొకళ్ళం తిట్టుకుంటూ ఎంత హాయిగా ఉన్నామో! సరే, నీ వంతు అమ్మీ."

చెంగల్వ తల అడ్డంగా ఊపింది. "నావల్ల కాదవ్వా."

"ఏం, నోరు లేదా?"

"ఉంది గానీ, చెడ్డమాట రాదు. మా ఇంట్లో దీపం ఆరిందని కూడా అనం, కొండెక్కిందంటాం. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. పసిబిడ్డ తల్లిని. పైన తథాస్తు దేవతలు తిరుగుతూ ఉంటారు కదా, నేనేదో అంటే వాళ్ళు తథాస్తు అనేస్తే?"

"వాళ్ళకు కంటకి వచ్చా?"

చెంగల్వ ఆలోచించింది. "మా దేవతలకు రాదేమో."

"మరింకేం?"

"మీ ఊరి దేవతలకు వస్తుందిగా!"

జిర్రవ్వ నడుం మీద చేతులు పెట్టుకుంది. "మా ఊరి దేవతలు ఈ తిట్లు పుట్టినప్పటినుంచీ వింటున్నారు. వాళ్ళే గనక తథాస్తు అంటూ కూర్చుంటే మా ఊళ్ళో ఒక్క ఇంటికీ కప్పు మిగిలేది కాదు. ఊఁ, కానీ!"

చెంగల్వ కళ్ళు గట్టిగా మూసుకుంది. "హుర్రు టకమా..." అంది మెల్లగా. అనీ అనగానే రెండు చేతులూ లేచి టపటపా లెంపలు వాయించాయి. "తప్పు, తప్పు! అపచారం!"

యువరాజు ఇసుకలో దొర్లి దొర్లి నవ్వాడు. జిర్రవ్వ మాత్రం నవ్వలేదు. "చూశావా? తిట్టు మా దేశానిది, లెంపలు మీ దేశానివి. కావలివాళ్ళకు చెవులొక్కటే కాదు, కళ్ళూ ఉంటాయమ్మీ! అసలు ఎవర్ని తలుచుకుని తిట్టావు?"

"ఎవర్నీ తలుచుకోలేదు."

"అదే నీతో వచ్చిన తంటా. తిట్టుకు మనిషి కావాలి. ఆ శంఖాలవాణ్ణి తలుచుకో."

చెంగల్వ తలుచుకుంది. వాడి గడ్డం, వాడి సంచి, వాడి తేనెమాటలు అన్నీ కళ్ళముందు ఆడాయి. "వాణ్ణీ ఒక తల్లి కనే ఉంటుంది కదవ్వా..." అంది.

"ఈ పిల్లతో నేను వేగలేను!" అని జిర్రవ్వ నెత్తి కొట్టుకుంది. చివరికి ఆమే ఒక ఉపాయం చెప్పింది. "బిడ్డను రెండు చేతులతో పట్టుకుని ఉండు. చేతులు ఖాళీ లేకపోతే లెంపలు వేసుకోలేవు. పట్టు మాత్రం వదలకు."

అలా ప్రయత్నిస్తే కొంత నయమైంది. పడవెక్కే వేళకు చెంగల్వ లెంపల దాకా పోకుండా తిట్టగలిగింది, తిట్టిన ప్రతిసారీ గొణుగుడుగా ఒక దణ్ణం మాత్రం తగిలిస్తూనే ఉంది. జిర్రవ్వ ఇద్దరికీ చేపతోలు అంగీలు తొడిగింది, మొహాలకు ఆ దేశపు నీలిరంగు చారలు దిద్దింది. "నువ్వు తమ్ముడివి, ఈమె అక్క. గుర్తుంచుకో!" అని పడవను నీళ్ళలోకి తోసింది. "నోరు చల్లగా ఉంచుకోకండి, నాయనా! తిట్టి రండి!"

కోటవాకిట వరస కట్టిన జనం మధ్య వాళ్ళు నిలబడ్డారు. ముందున్న లావుపాటి నూనెవర్తకుడు కంటకిలో గలగలా మాట్లాడుతూ, కావలివాళ్ళకు జోకులు కూడా చెబుతున్నాడు. ఎండ్రకాయ వేలు పట్టుకోగానే "అబ్బా!" అన్నాడు. అంతే, బండ జరిగింది. బుడుంగుమని చప్పుడు వచ్చింది. ఆ తరవాత కింది నీటిచెరలోంచి మంచి తిట్లే వినబడ్డాయి గానీ, అవన్నీ అతని సొంత భాషవి.

చెంగల్వ గువ్వన్నను ఇంకా గట్టిగా హత్తుకుంది.

"తరవాత!" అని పిలిచాడు కావలిపెద్ద గండశిలుడు. గుమ్మానికి అడ్డంగా మరో గుమ్మంలా ఉంటాడు. యువరాజు ఉత్సాహంగా చెవి ముందుకు పెట్టాడు. ఎండ్రకాయ పట్టుకుంది.

"హుర్రు టకమా! షిర్ర ఖోబు! డొబ్లి గుకా, నువ్వూ, నిన్ను పట్టినవాడూ, ఈ తొట్టె చెక్కినవాడూ..."

"చాలు చాలు, పో లోపలికి," అన్నాడు గండశిలుడు.

"...వాడి మేనమామా, వాడి పడవా, వాడి పడవకు తారు పూసినవాడూ..."

"చాలన్నానా!"

వెనకనుంచి చెంగల్వ వీపు మీద పొడిస్తే గానీ ఆయన ఆగలేదు. వరసలో వాళ్ళు మెచ్చుకోలుగా ఈల వేశారు. యువరాజు గుమ్మం దాటి అవతల నిలబడ్డాడు.

"నువ్వు రా, అమ్మాయ్. బిడ్డను ఇటివ్వు."

"వాడు ఎవరి దగ్గరా ఉండడయ్యా."

"ఉంటాడులే. నాకు అరడజను మంది పిల్లలు." గండశిలుడు గువ్వన్నను చంకలో వేసుకున్నాడు. చెంగల్వ చేతులు రెండూ ఖాళీ అయిపోయాయి. ఒక కావలివాడు ఎండ్రకాయను తెచ్చి ఆమె చిటికెనవేలికి తగిలించాడు.

నొప్పి భుజం దాకా పాకింది. నోరు తెరిస్తే తిట్టు వస్తుందో రాదో, వచ్చినా దాని వెనకే చేతులు లేస్తాయేమో! ఆమె పళ్ళు బిగించింది. పురిటినొప్పులు పడ్డ మనిషికి ఎండ్రకాయ ఒక లెక్కా? కిక్కురుమనలేదు.

కావలివాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. "ఏంటిది, మూగదా?"

"ఇందాక నాతో మాట్లాడిందిగా!" అన్నాడు గండశిలుడు. కళ్ళు చిన్నవయ్యాయి. "తిట్టని మనిషి మన దీవిలో ఇంతవరకు పుట్టలేదు. ఇందులో ఏదో ఉంది. సరే, ఆ ఎండ్రకాయను పిల్లాడి కాలి దగ్గరికి పట్టుకురా. ఈమె నోరు ఎలా తెరవదో చూద్దాం."

నీలం కొండి తెరుచుకుంది. గువ్వన్న దాన్ని ఆటవస్తువనుకుని బోసినోరు తెరిచి చప్పుడు లేకుండా నవ్వాడు. చిట్టి బొటనవేలు ముందుకు చాచాడు.

తరవాత ఏం జరిగిందో చెంగల్వకే సరిగా తెలియదు. ముందు "డొబ్లి గుకా!" అన్న కేక వినబడింది. అది తన గొంతేనని ఆమె గుర్తుపట్టేలోపు మిగతావి వరదలా వచ్చేశాయి. నీ ఇంటికప్పు లేచిపోను, నీ గొలుసులు తుప్పుపట్ట, నీ వల నిండా నాచు పడ అన్నవి జిర్రవ్వ నేర్పినవి. నీ గడ్డంలో గబ్బిలాలు కాపురం పెట్ట, నువ్వు వండిన పులుసు నువ్వే తాగ, నీ అరడజను మందికీ ఒకేసారి పళ్ళు రాను అన్నవి ఎవరూ నేర్పనివి. అచ్చమైన కంటకిలో, అప్పటికప్పుడు పుట్టుకొచ్చినవి. చివర్న "మ్రాంగ!" అనగానే బురుజు మీది పావురాళ్ళన్నీ లేచిపోయాయి. ఇక లెంపల సంగతా, అవి వాయించడం జరిగింది. కాకపోతే ఆమె లెంపలు కావు.

గండశిలుడు రెండు బుగ్గలూ ఎర్రగా చేసుకుని నిలబడిపోయాడు. చెంగల్వ బిడ్డను లాక్కుని గుండెలకు అదుముకుంది. అవతల యువరాజు చెయ్యి అంగీలోని కత్తి మీదికి పోయింది.

గండశిలుడి కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారాయి.

"మా అమ్మ!" అన్నాడు. "మా అమ్మ పోయాక ఇలాంటి తిట్టు మళ్ళీ వినలేదు తల్లీ! చెంపదెబ్బ కూడా అచ్చం అంతే. ఒరేయ్, పరుగెత్తండి! రేవులో శంఖభైరవులవారికి కబురు చెప్పండి, ఓడను తిట్టే మనిషి దొరికిందని చెప్పండి!"

ఆ దీవిలో కొత్త ఓడకు దిష్టి తగలకుండా, నీళ్ళలోకి దింపేముందు ఒక బిడ్డతల్లి చేత దాన్ని కడుపారా తిట్టిస్తారట. కుదుర్చుకున్న ఆవిడకు పొద్దున్నే గొంతు బొంగురుపోయిందట. చెంగల్వ అవుననేలోపు ఆమెను పల్లకిలో కూర్చోబెట్టారు. యువరాజు "మా అక్కండీ, మా అక్క!" అని అందరికీ చెప్పుకుంటూ పక్కన పరుగెత్తాడు.

ఓడ ఒడ్డున దిమ్మల మీద, తాళ్ళతో కట్టి నిలబెట్టి ఉంది. హంసమెడలా వంగిన ముక్కు, పగడపు రంగు తెరచాపలు, పచ్చలు పొదిగిన కళ్ళు. ఆ ముక్కు చివర, ఎర్రపట్టు చుట్టి, తెల్లశంఖం! అంతలో ఎదురొచ్చాడు శంఖభైరవుడు. మెడలో శంఖాల దండ, చేతిలో తాడు తెంచే గొడ్డలి. గువ్వన్న వంక పరీక్షగా చూశాడు.

"ఈ పిల్లవాణ్ణి ఎక్కడో చూసినట్టుందే..."

"డొబ్లి గుకా!" అంది చెంగల్వ చప్పున. "పసివాడి మీద ఆ చూపేంటి? నీ కళ్ళలో ఉప్పునీళ్ళు పడ! దిష్టి పెడతావా?"

రేవంతా గొల్లుమంది. మాంత్రికుడంతటివాడూ రెండడుగులు వెనక్కి వేసి, "తగిన మనిషే," అని దారి ఇచ్చాడు. చెంగల్వ నిచ్చెన ఎక్కి, ఓడ మీదుగా నడిచి, ముక్కు దగ్గరికి పోయింది. చెయ్యి చాస్తే శంఖం అందుతుంది. కానీ రేవు నిండా విలుకాళ్ళు, అందరి కళ్ళూ తన మీదే. తమ్ముడి వరసలో వెనకే ఎక్కిన యువరాజు, "తిడుతూ ఉండక్కా, నేను ఆ పట్టుగుడ్డ ముళ్ళు విప్పుతాను," అని చెవిలో అన్నాడు.

ఆమె మొదలుపెట్టింది. ముక్కును తిట్టింది, తెరచాపల్ని తిట్టింది, పచ్చల కళ్ళను తిట్టింది. రేవులో జనం ప్రతి తిట్టుకూ చప్పట్లు కొట్టారు. యువరాజు మోకాళ్ళ మీద కూర్చుని ఒక ముడి విప్పాడు, ఇంకో ముడి విప్పాడు. చివరి ముడి మొండికేసింది. శంఖభైరవుడు మెడ చాచి, "ఆ తమ్ముడు అక్కడేం చేస్తున్నాడు?" అన్నాడు.

"మ్రాంగ!" అని చెంగల్వ ఉన్న బలమంతా పెట్టి అరిచింది.

చెవి పక్కనే తల్లి అంత పెద్దగా అరిచేసరికి గువ్వన్న ఉలిక్కిపడ్డాడు. పెదవి విరిచాడు. నోరు తెరిచాడు.

ఓడ ముక్కు చివర్నుంచి ఏడుపు వినబడింది.

కీచుమని మొదలై, మధ్యలో ఊపిరందక ఒక వెక్కు వేసి, మళ్ళీ రాగం అందుకునే ఏడుపు. ఎన్ని వందల మంది పిల్లల మధ్యనైనా చెంగల్వ గుర్తుపట్టగల ఏడుపు. బిడ్డ చెంతకు చేరేసరికి శంఖంలోని గొంతు వాడి బదులు పలికింది. ఆమె రొమ్ములు ఒక్కసారిగా చేపుకొచ్చాయి. చేపతోలు అంగీ తడిసిపోయింది. "నా తండ్రీ! ఏడు నాయనా, ఏడు!" అంటూ ఆమె పగలబడి నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది.

ఆ ఏడుపు ఆమె ఒక్కతే వినలేదు. తూర్పునుంచి, పడమరనుంచి, దీవి వెనకనుంచి తల్లిగాలులన్నీ కొంగులు దులుపుకుంటూ ఉరికొచ్చాయి. కోటగొలుసుల గంటలు పిచ్చెత్తినట్టు మోగాయి. తెరచాపలు ఢామ్మని పొంగాయి. కట్టిన తాళ్ళు పటపటా తెగిపోయాయి. ఓడ దిమ్మల మీదినుంచి జర్రున జారి, శంఖభైరవుణ్ణి గొడ్డలితో సహా నీళ్ళలోకి దొర్లించి, రేవు దాటి దూసుకుపోయింది. వెనకనుంచి వేసిన బాణాలు గాలికి తిరిగి వేసినవాళ్ళ వైపే పోయాయి.

"గెలిచాం అక్కా!" అని యువరాజు ఎగిరి గంతేశాడు.

చెంగల్వ ఎక్కడ వింటుంది? బిడ్డ ఏడుస్తున్నాడు, చప్పుడుతో ఏడుస్తున్నాడు. ఏ తల్లయినా చేసే పనే ఆమె కూడా చేసింది. కూలబడి, అంగీ చాటుచేసి, వాణ్ణి రొమ్ముకు హత్తుకుంది. ఏడుపు ఆగింది.

గాలీ ఆగింది.

పగడపు తెరచాపలు తడిబట్టల్లా వేలాడాయి. రేవుకూ సముద్రానికీ నట్టనడుమ, అద్దంలాంటి నీళ్ళ మీద, ఓడ కదలక మెదలక నిలబడిపోయింది. వెనక ఒడ్డు మీద శంఖభైరవుడు గడ్డం పిండుకుంటూ రంకెలేస్తున్నాడు. తెడ్లపడవలు వరసగా నీళ్ళలోకి దిగుతున్నాయి.

"అక్కా," అన్నాడు యువరాజు మెల్లగా, "వాణ్ణి ఇంకొక్క కాస్త... ఏడిపించవూ?"

చెంగల్వ చూసిన చూపుకు మధుమతీపుర సింహాసనానికి వారసుడు నోరు మూసుకున్నాడు. "ఇన్నాళ్ళూ వాడు ఏడుస్తుంటే వినలేకపోయాను దొరా. ఇప్పుడు విని కూడా ఊరుకోమంటారా? తెడ్డేదైనా ఉంటే వెతకండి!"

పడవలు దగ్గరపడ్డాయి. తెడ్లు వేసేవాళ్ళ తిట్లు స్పష్టంగా వినబడుతున్నాయి. యువరాజు కత్తి దూసి ఓడ అంచున నిలబడ్డాడు.

అప్పుడు గువ్వన్న కడుపు నిండి రొమ్ము వదిలాడు. మూతికి పాలు అంటుకున్నాయి. నీలిరంగు చారలున్న తల్లి మొహాన్ని వింతగా చూశాడు. ఒక చారను వేలితో గీరి చూశాడు. అది వాడికెందుకో బాగా నచ్చింది. పొట్ట కదిలేలా నవ్వాడు.

ఓడ ముక్కు చివర శంఖం కిలకిలా నవ్వింది.

ముందు పడవలో తెడ్లు ఆగిపోయాయి. శంఖభైరవుడు రంకె మధ్యలో మింగేశాడు. పసివాడు ఏడిస్తే గాలులు ఏం చేస్తాయో వాడికి తెలుసు. నవ్వితే ఏం చేస్తాయో వాడూ ఎన్నడూ చూడలేదు, వాడి గురువూ చూడలేదు.

గువ్వన్న మళ్ళీ నవ్వాడు. చెంగల్వ బిడ్డతో సహా ఓడముక్కును రెండు చేతులా వాటేసుకుంది. ఆమె కళ్ళముందే, అద్దంలా ఉన్న సముద్రం, నవ్వే బిడ్డను ఎత్తుకునే తల్లిలా, తెడ్లపడవలకు అందనంత ఎత్తుకు ఓడను మెల్లగా ఎత్తుకోవడం మొదలుపెట్టింది.